వెదురు గొట్టంలో సబ్బు

యుద్ధం మొదలైన రెండో ఏట, వానలు వెనకబట్టాక, మా కొట్లోకి సబ్బు రావడం ఆగిపోయింది. మా ఊరు శబరి ఒడ్డున, బస్తర్ సంస్థానానికి దక్షిణపు కొసన ఉండేది. నది దాటితే ఇంగ్లీషువాళ్ళ రాజ్యం. సరుకంతా రాజమండ్రి నుంచి పడవల మీద రావాలి. ఆ ఏడు మొదటి పడవ వచ్చినప్పుడు నేనూ మా ఆయనా రేవుకు వెళ్ళాం. మేము రాసి పంపిన చీటీలో సగం సరుకుల మీద గీతలు కొట్టి ఉన్నాయి. మేకులు లేవు, సూదులు లేవు, లాంతరు చిమ్నీలు లేవు, సబ్బు లేదు. కిరసనాయిలు ఉందిగానీ అది తహసీలు కచేరీకట. మాకు దింపింది ఉప్పు బస్తాలు, ఎండుచేపల గంపలు. అంతే.

మా ఆయన దిగులుపడే మనిషి కాదు. ఈ మాట మెచ్చుకోలుగా అంటున్నానో విసుగ్గా అంటున్నానో నాకే తెలియదు. వారం తిరక్కుండా ఖాళీ సీసాల అడుగులు కోసి లాంతర్లకు చిమ్నీలు చేశాడు. పాత పెట్టెల మేకులు పీకి, రాయి మీద పెట్టి సాగగొట్టి అమ్మాడు. పొట్లాలకు కాగితం లేకపోతే అడ్డాకులు కుట్టించాడు. ఆ చిమ్నీలు నాలుగు రోజులకొకటి పగిలేవి. పగిలినప్పుడల్లా జనం నా దగ్గరికి వచ్చి అరిచేవాళ్ళు, ఎందుకంటే అప్పటికి ఆయన ఇంకేదో కొత్త ఆలోచన చెప్పడానికి రేవుకో, కచేరీ అరుగుకో పోయి ఉండేవాడు.

ఊరికి పైన అడవిలో రైలు పట్టాల కింద వేసే దుంగలు కోసే క్యాంపు ఒకటి పెట్టారు. యుద్ధానికి దుంగలు కావాలట. ఎక్కడెక్కడి నుంచో వందలమంది కూలీలు వచ్చి ఆకుల పాకల్లో పడుకునేవారు. మాఘమాసానికల్లా వాళ్ళకు గజ్జి పట్టుకుంది. కాంపౌండరు వచ్చి చూసి, రోజూ సబ్బుతో ఒళ్ళు తోమి కడుక్కోమని చెప్పి వెళ్ళిపోయాడు. సబ్బు ఎక్కడుందో చెప్పలేదు. క్యాంపు మేస్త్రి మా కొట్టుకొచ్చి, ఎలాంటి సబ్బయినా సరే, ఎంత ఉంటే అంత తీసుకుంటానన్నాడు.

మా ఆయన దగ్గర ఒక పాత మాసపత్రిక లోంచి చింపిన కాగితం ఉంది. అందులో ఇంట్లో సబ్బు చేసుకునే విధానం రాశారు. నూనె కావాలి, అది మాకు కొదవలేదు. చుట్టూ ఉన్నవన్నీ ఇప్పచెట్లే. కాస్టిక్ సోడా కావాలి. ఆయన రాజమండ్రికి రాశాడు, జగదల్‌పూర్‌కు రాశాడు. దొరకదని రెండుచోట్ల నుంచీ జవాబు వచ్చింది. అయినా ఒక నెలంతా కాస్టిక్ సోడా గురించే మాట్లాడాడు. అన్నం తింటూ మాట్లాడేవాడు, కొట్లో బేరానికి అడవి ఊళ్ళనుంచి వచ్చిన దోర్లవాళ్ళతో కూడా మాట్లాడేవాడు. వాళ్ళు వింటూ తలూపి, ఉప్పు కొలిపించుకుని వెళ్ళేవాళ్ళు.

నాకు విసుగెత్తింది. మా పుట్టింటివాళ్ళది నది అవతల సున్నపు బట్టీ. మా నాయన నత్తగుల్లలు కాల్చి సున్నం చేసేవాడు. చాకలివాళ్ళు మా దగ్గర సున్నం కొని, బూడిదనీళ్ళలో కలిపి కాచి బట్టలు ఉడకేసేవాళ్ళు. ఆ నీళ్ళలో వేలు పెడితే తోలు ఊడి వస్తుందని చిన్నప్పుడే తెలుసు నాకు. ఒకరోజు ఆయన మళ్ళీ మొదలుపెడితే, "సోడా సోడా అని ఎందుకలా చంపుతారు? సున్నమూ బూడిదా కాచి చూద్దాం" అన్నాను. ఆయన ఆ కాగితం తిప్పి తిప్పి చూసి, "ఇందులో అట్లా లేదే" అన్నాడు.

లేకపోయినా నేను పొయ్యి వెలిగించాను. మొదట చింతకట్టెల బూడిదతో చేశాను. నూనె పైన, నీళ్ళు కింద, రెండూ కలవలేదు. రెండోసారి సున్నం ఎక్కువై గడ్డలు కట్టింది. మూడోసారి కుండ పగిలి పొయ్యిలో పడి ఇల్లంతా పొగ. నాకు నూనె తెచ్చి ఇచ్చే దోర్ల మనిషి ఒకామె ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్దది. ఇప్పపలుకులు దంచి, ఆవిరిపట్టి, రెండు దుంగల మధ్య పెట్టి నూనె పిండి, సొరకాయ బుర్రల్లో పోసుకుని సంతరోజు తెచ్చేది. ఆమె నా అవస్థ చూసి, కట్టె బూడిద కాదు, ఉత్తరేణి మొక్క కాల్చమని చెప్పింది. వాళ్ళు దాన్ని ఎండబెట్టి కాల్చి, ఆ బూడిద కూరలో వేసుకుంటారట. ఉప్పు దొరకనప్పుడు కూరకు అదే ఉప్పట, జావలోకి మాత్రం పనికిరాదట.

ఉత్తరేణి బూడిదతో చేసిన నీళ్ళు నాలుక కొసకు తగిలిస్తే సూదితో గుచ్చినట్టు అయింది. పదును చూద్దామని కోడిగుడ్డు వేస్తే తేలింది. నూనెలో పోసి పొద్దుటి నుంచి పొద్దు వాలేదాకా కలిపాను. చిక్కబడింది, నురగ వచ్చింది, చేతికి జిడ్డు వదిలింది. కానీ గడ్డకట్టలేదు. వారం ఆరబెట్టినా ముదురు జావలాగే ఉంది, బెల్లం పాకం రంగులో. ఆయన దాన్ని చూసి పెదవి విరిచాడు. అచ్చు పోస్తే నిలబడాలట, కోస్తే కోత పడాలట. సబ్బంటే అదట. తన కాగితం మళ్ళీ తీశాడు. జావ గట్టిపడాలంటే ఉప్పు వేసి కాచాలని అందులో చివరి వరసలో ఉంది. ఆ ఒక్క మాట మాత్రం నిజం. కుంచెడు ఉప్పు పోసేసరికి జావ విరిగి, తరకలు తరకలుగా పైకి తేలింది. తోడి చెక్కపెట్టెలో పోస్తే మూడోనాటికి రాయిలా బిగిసింది. తీగతో ముక్కలు కోశాను. ఆ రోజు ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. యుద్ధం ముగిసేదాకా గడిచిన ఆ నాలుగేళ్ళలో అట్లా నవ్వుకున్న రోజు నాకు ఇంకొకటి గుర్తుకు రాదు.

సబ్బు కోసం క్యాంపువాళ్ళు ఎదురుచూసేవారు. కచేరీ గుమాస్తాలు కొన్నారు. సుక్మా నుంచి మనుషులు వచ్చి అడిగి తీసుకెళ్ళారు. ఊళ్ళో అందరూ మా ఆయన బుర్రను పొగిడారు. ఆయన అరుగు మీద కూర్చుని, సున్నమూ బూడిదా కలపాలన్న ఆలోచన తనకు ఎలా తట్టిందో చెబుతుంటే లోపల నేను వినేదాన్ని. నా కుడిచేతి మూడు వేళ్ళకు అప్పటికి గోళ్ళు లేవు.

ఎండాకాలంలో ఉప్పు పడవలు సగానికి తగ్గాయి. కంట్రోలు వచ్చిందన్నారు. ఎన్ని బస్తాలు దించుకోవాలో రేవులో సుంకం నాకా దగ్గర చీటీ ఇచ్చేవాళ్ళు. మా కొట్టుకు వచ్చే దోర్లవాళ్ళకు డబ్బుతో పనిలేదు. చింతపండో, సారపప్పో, ఇప్పగింజలో తెచ్చి ఉప్పు పట్టుకెళ్ళేవాళ్ళు. దానికోసమే పది కోసులు నడిచి వచ్చేవాళ్ళు. మా ఆయన సంతరోజున రెండు బస్తాలు కొట్లో పెట్టి, మిగిలినవి పెరటి గదిలో వేసి తాళం పెట్టడం మొదలుపెట్టాడు. కొట్లోవి అయిపోగానే ఉప్పు లేదని పంపేసేవాడు. పెరటివి సబ్బుకు. నాకది తెలుసు. తెలిసీ కలుపుతూ కూర్చున్నాను.

ఒక సంతనాడు మధ్యాహ్నం ఆ నూనె మనిషి కొట్లో ఉప్పు లేదనిపించుకుని, బుర్రలు దించడానికి పెరట్లోకి వచ్చింది. అప్పుడే నేను బానలో ఉప్పు గుమ్మరిస్తున్నాను. ఆమె బుర్రలు కింద పెట్టకుండా అట్లాగే నిలబడి చూసింది.

"ఏందమ్మా అది?" అని అడిగింది.

"సబ్బులోకి" అన్నాను.

"ఉప్పేనా?"

నేను బానలోకి చూస్తూ తెడ్డు తిప్పాను.

"మా పిల్లలు పదిరోజులసంది సప్పిడి జావ తాగుతన్నరు. నువ్వేమో నీళ్ళల్ల పోత్తన్నవ్" అంది. కోపంగా అనలేదు. నాకేదో మతి పోయిందన్నట్టు చూస్తూ అంది. బుర్రలు మళ్ళీ నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. తర్వాత రెండు సంతలు రాలేదు. ఆమె రాకపోతే ఆమె ఊరినుంచి ఒక్కరూ నూనె తేలేదు.

ఆ రెండు వారాలు, బస్తాల్లో ఉప్పు ముట్టకుండా సబ్బు గట్టిపరచాలని నేను చేయని ప్రయత్నం లేదు. ఖాళీ ఉప్పు గోనెలు నానబెట్టి, పిండి, ఆ నీళ్ళు కాచి చూశాను. కొద్దిగా తరక వచ్చిందిగానీ చాలలేదు. సబ్బు తోడేశాక అడుగున మిగిలిన నీళ్ళను ఇగరబెడితే ఉప్పు తిరిగి వస్తుందేమో అనుకున్నాను. వచ్చింది, బూడిద రంగులో, విషంలా చేదుగా. పశువు కూడా ముట్టలేదు. ఎండుచేపల గంపల అడుగున రాలిన ఉప్పు పోగుచేసి వేశాను. సబ్బు గట్టిగానే వచ్చింది. కచేరీ గుమాస్తా దానితో చొక్కా ఉతికించుకుని మర్నాడు మా కొట్టుకొచ్చి, ఆ చొక్కా చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టాడు. ఒకటి సర్దితే ఇంకొకటి ఊడుతోంది. దేవుడు ఎక్కడో కూర్చుని నా పని చూసి నవ్వుతున్నాడనిపించేది.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను, ఇక నేను బానలో ఉప్పు వెయ్యనని. ఆయన చాలాసేపు వాదించాడు. ఉప్పు అమ్మితే ఏం మిగులుతుందో, సబ్బు అమ్మితే ఏం మిగులుతుందో వేళ్ళ మీద చూపించాడు. చివరికి, "ఆ జావ ఎవడు కొంటాడే? ఆకులో పెట్టి ఇస్తావా?" అన్నాడు.  మర్నాడు నేను పొయ్యి వెలిగించలేదు.

మూడోరోజు నేనే ఆ నూనె మనిషి ఊరికి బయలుదేరాను. కొంగులో రెండు మానికల ఉప్పు కట్టుకున్నాను. బాసగూడ దారిలో వాగు దాటి, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి చేరాను. ఆమె ఉప్పు తీసుకుని, గోడకు వేలాడుతున్న ఒక వెదురు గొట్టంలో పోసుకుంది. గొట్టానికి కింద కణుపే అడుగు, పైన చెక్క బిరడా. ఆ గోడ నిండా అలాంటివే ఉన్నాయి. ఒకదాంట్లో కారం, ఒకదాంట్లో గింజలు, ఒకదాంట్లో ఒళ్ళు నొప్పులకు పట్టించే ఏదో చమురు. ఆ చమురు ఆమె పుల్లతో తీసి మోకాలికి రాసుకుంటుంటే నేను నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను. ఎంత తిరిగానో ఎంత కాల్చుకున్నానో తలుచుకుంటే నామీద నాకే కోపం వచ్చింది. జావను గట్టిపరచడానికి చచ్చిపోయాను తప్ప, జావను జావగానే ఇవ్వొచ్చని తట్టనేలేదు.

అలా గొట్టం సబ్బు మొదలైంది. ఆమె ఊరివాళ్ళు గొట్టాలు కోసి తెచ్చేవాళ్ళు, నూనె తెచ్చేవాళ్ళు. నేను ఉప్పు ఇచ్చేదాన్ని, బానలో వెయ్యాల్సిన ఉప్పు. క్యాంపు కూలీలకు గొట్టం బాగా నచ్చింది. తాడు కట్టి మొలకు వేలాడదీసుకుని ఏటికి పోయేవాళ్ళు. ఖాళీ అయితే తెచ్చి నింపించుకునేవాళ్ళు. గజ్జి తగ్గింది. మొదట్లో ఆ గొట్టాలను కొట్టు ముందు పెట్టడానికి సిగ్గుపడిన మా ఆయన, నెల తిరిగేసరికి వాటిని బండి మీద వేసుకుని తోంగ్‌పాల్ సంతకు పోయి, వెదురు ఆలోచన తనదేనని చెప్పుకుని వచ్చాడు. ఈసారి నాకు అంత బాధ కలగలేదు. పెరటి గదికి తాళం లేదు, అది చాలనుకున్నాను.

వెదురు నరకడానికి పర్మిట్ ఉందా అని అడవి గార్డు అడిగాడు. ఇల్లు కప్పుకోవడానికైతే అనుమతి ఉందట, వ్యాపారానికి లేదట. రెండు బండ్ల గొట్టాలు పట్టుకుపోయి కచేరీ వెనక పడేశాడు. అవి అక్కడే ఎండి చీలిపోయాయి. మా ఆయన అర్జీ మీద అర్జీ పెట్టాడు. ప్రతి అర్జీకీ ఇంకో కాగితం జతచేయమని తిప్పిపంపేవారు. చివరికి ఇళ్ళల్లో వాడి పారేసిన పాత గొట్టాలు సేకరించి, బూడిదతో తోమి, వాటిలో పోశాం. ఆకలేసినవాళ్ళు రాళ్ళలో గింజలు ఏరుకున్నట్టు ఉండేది మా పని.

ఆ తర్వాతి ఆషాఢంలో అసలు దెబ్బ తగిలింది. ఇప్పగింజలు కొనే గుత్త ఒక కాంట్రాక్టరు పాడుకున్నాడు. ఇక అడవిలో ఎవరు గింజ ఏరినా అతని గోదాములోనే పొయ్యాలి. నూనె పిండి వేరేవాళ్ళకు ఇవ్వకూడదు. ఇప్పచెట్లనూ నూనె పిండే దుంగలనూ ఊరూరా తిరిగి లెక్కరాసుకున్నారు. ఈసారి మా ఆయనతో నేనూ కచేరీకి వెళ్ళాను. తహసీల్దారు దొరవారు హిందీలో మాట్లాడితే గుమాస్తా మాకు తెలుగులో చెప్పేవాడు. దొరవారు మా సబ్బు గురించి విన్నారట, చాలా మెచ్చుకున్నారట, కష్టకాలంలో ఇలాంటి తెలివి ఉండాలన్నారట. మా ఆయన చేతులు జోడించి నవ్వాడు.

"మరి గింజలు?" అని అడిగాను నేను.

గుమాస్తా అడిగాడు. దొరవారు చాలాసేపు ఏదో చెప్పారు. గుమాస్తా నా వైపు తిరిగి, "హుకుం హుకుమేనమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చాడు.

బయటికి వచ్చాక నేను ఏడవలేదు. ఏడుపు వచ్చే కోపం కాదు అది. ఎవరిమీద పడాలో తెలియని కోపం. పొగిడిన మనిషి మీద పడలేం కదా.

ఆ కాంట్రాక్టరుకు తన గోదాములో నూనె పేరుకుపోయాక సబ్బు మీద మనసు పోయింది. మా ఆయన్ని జీతానికి పెట్టుకున్నాడు. ఊరంతా ఆయనదే విద్య అనుకుంటున్నారు గనక ఆయన్నే పిలిచారు. ఆయన కాదనలేదు. కొట్లో అమ్మడానికి ఏమీ మిగలలేదు, నేనూ కాదనలేదు. ఇనుప బానలు తెప్పించారు, పెద్ద కొట్టం వేశారు. ఉప్పుకు కూడా పర్మిట్ తెచ్చుకున్నాడా కాంట్రాక్టరు, బస్తాలకు బస్తాలు. మా ఆయన మొదటి సబ్బు కాపు చెడగొట్టాడు. రెండోది కూడా చెడగొట్టాడు. బూడిదనీళ్ళకు పదును ఎప్పుడు వస్తుందో ఆయనకు తెలియదు, ఎన్నడూ నాలుకకు తగిలించి చూసినవాడు కాదు. మూడోరోజు ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చుని, చెప్పులు కూడా విప్పలేదు.

"ఒక్కసారి వచ్చి చూపించు" అన్నాడు.

"నేను రాను" అన్నాను.

"వాళ్ళు నన్ను తీసేస్తారు."

"తీసెయ్యనివ్వండి. మీ కాగితంలో ఉంది కదా, అది చూసి చెయ్యండి."

ఆయన ఆ మాటకు తలెత్తలేదు. పెళ్ళయినప్పటి నుంచి ఆ మనిషి నా ముందు తలవంచడం అదే మొదటిసారి. అలా చూస్తానని ఎన్నిసార్లు అనుకున్నానో. చూశాక ఏమీ బాగోలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. వెళ్ళాల్సింది కాదని ఈనాటికీ అనిపిస్తుంది. వెళ్ళకపోతే ఏం తినేవాళ్ళమో కూడా తెలియదు. కొట్టంలో లెక్కలు రాసే మున్షీ ఒకతను చేతిలో పుస్తకం పెట్టుకుని నా వెనకే తిరిగాడు. హిందీ మనిషి, తెలుగు కొద్దికొద్దిగా వచ్చు. ఉత్తరేణి బూడిద ఎంత, సున్నం ఎంత, నీళ్ళెన్ని, అన్నీ అడిగి రాసుకున్నాడు. గుడ్డు వేసి చూపిస్తే గుడ్డు బొమ్మ కూడా గీసుకున్నాడు.

"ఎంతసేపు కలపాలె?" అని అడిగాడు.

"అయ్యేదాకా" అన్నాను.

"కిత్నే ఘంటే? గంటలు చెప్పు."

"గంటలు కావు. చెయ్యి బరువెక్కుతుంది. తెడ్డు తీస్తే చార నిలబడుతుంది. అప్పుడు ఆపాలి."

అతను విసుక్కుని ఏదో అంకె వేసుకున్నాడు. సాయంత్రానికి కాపు కుదిరింది. ఇద్దరు మనుషులు బస్తా ఎత్తి ఉప్పు గుమ్మరించారు. నేను అటు చూడలేదు. చివరలో ఆ మున్షీ పుస్తకం మూసి, ఇక మీరు రానక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు. మా ఆయన ఉద్యోగం నిలబడింది, కాపు చూసేవాడిగా కాదు, గింజల తూకం రాసేవాడిగా. కాపు చూడటానికి ఇప్పుడు వాళ్ళ దగ్గర పుస్తకం ఉంది.

తర్వాతి సంతకు ఆ నూనె మనిషి ఖాళీ చేతులతో వచ్చింది. గింజలన్నీ గోదాముకు పోసి, బదులుగా చాలీచాలని ఉప్పు తెచ్చుకుందట. కొట్టు అరుగు మీద కూర్చుని, వాళ్ళకు చెప్పేశావా అని అడిగింది. చెప్పానన్నాను. ఉత్తరేణి సంగతి కూడానా అని అడిగింది. అవునన్నాను. ఆ ఉత్తరేణి సంగతి ఆమెది. నేను దాన్ని ఆమెను అడక్కుండానే ఇచ్చేశానని ఆ క్షణం దాకా నాకు తట్టలేదు. ఆమె చుట్ట వెలిగించి, అది అయ్యేదాకా అరుగు మీదే కూర్చుంది.

పోతూ పోతూ ఆమె, తన ఇంటి వెనక రెండు ఇప్పచెట్లు ఉన్నాయని, వాటిని లెక్కలో రాయించలేదని చెప్పింది. కావాలంటే ఆ నూనె తెస్తానంది. తెమ్మన్నాను. ఆ నూనెతో కాచిన గొట్టం సబ్బు ఏడాదికి మా రెండిళ్ళ స్నానాలకు సరిపోయేది.